రోడ్స్ ఫైనల్ ఇంటర్వ్యూకి పిలిచారు, వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

శెనక్కాయ_చేను
నవంబరు 3, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. ఈసారి ఆక్స్‌ఫర్డ్‌లో చదవడానికి ఇచ్చే రోడ్స్ స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెట్టాను. మొదటి ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లో అయింది. నిన్న మధ్యాహ్నం మెయిల్ వచ్చింది, ఫైనల్‌కి రమ్మన్నారు. ఇంకా పన్నెండు రోజులుంది. ముందు రోజు సాయంత్రం సెలెక్టర్లతో కలిసి భోజనం, మర్నాడు ఇంటర్వ్యూ. మెయిల్ చదివినప్పటి నుంచి కాళ్ళూ చేతులూ ఆడట్లేదు.

మాది ఉరవకొండ దగ్గర పల్లె. నాన్నకి నాలుగెకరాలుంది, శెనక్కాయ వేస్తారు. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. జియాలజీతో డిగ్రీ అయింది. రెండేళ్ళుగా మా ఊరూ పక్క ఊరూ కలిపి 41 బోర్లలో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో నెలకోసారి కొలుస్తున్నాను. హైస్కూలు పిల్లలు కొందరు సాయం వస్తారు. ఆక్స్‌ఫర్డ్‌లో వాటర్ సైన్స్, పాలసీ అండ్ మేనేజ్‌మెంట్ అని ఎమ్మెస్సీ ఉంది, అది చదవాలని రాశాను.

నా భయాలు మూడు. ఇంగ్లీషులో గబగబా అడిగితే అర్థం చేసుకుని జవాబు చెప్పగలనా? ఆ భోజనాల దగ్గర ఏం మాట్లాడాలి? దేశం మొత్తానికి ఐదారుగురినే తీసుకుంటారు కదా, మిగతావాళ్ళంతా పెద్ద పెద్ద కాలేజీలవాళ్ళు, వాళ్ళ మధ్య నన్నేం అడుగుతారు? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.


భీమిలి_తీరం
నవంబరు 3, రాత్రి 9:30

ముందు అభినందనలు చెల్లీ! ఫైనల్ దాకా వెళ్ళడమే ఎంత కష్టమో నాకు తెలుసు, నేను మొదటి వడపోతలోనే ఆగిపోయాను. రెండుసార్లు_ఫైనల్ అన్న ఇక్కడే ఉంటారు, ఆయన చూస్తే వివరంగా చెబుతారు.


రెండుసార్లు_ఫైనల్
నవంబరు 3, రాత్రి 11:48

చూశానమ్మా. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపికగా చదువు.

నేను రెండేళ్ళు వరసగా ఫైనల్‌కి వెళ్ళాను, రెండుసార్లూ రాలేదు. అయినా ఆ గదిలో ఏం జరుగుతుందో బాగా గుర్తుంది. బల్లకి అటువైపు ఏడెనిమిది మంది. వాళ్ళలో పాత రోడ్స్ స్కాలర్లు ఉంటారు, వేరే రంగాల పెద్దలూ ఉంటారు. అందరి ముందూ మన దరఖాస్తు ప్రింట్ ఉంటుంది, అంచుల్లో పెన్సిల్ గీతలు ఉంటాయి. ఆ గీతలు చూడగానే నాకు గొంతు తడారిపోయింది. దాదాపు అరగంట. తలా ఒకటో రెండో అడుగుతారు.

మొదటి ఏడాది నేను చేసిన తప్పు చెబుతాను. నలభై ప్రశ్నలు ఊహించుకుని నలభై జవాబులూ బట్టీ పట్టాను. దరఖాస్తులో మన గురించి మనం రాసే స్టేట్‌మెంట్‌లో నాదొక వాక్యం ఉంది: మా రాత్రిబడి వల్ల వందలమంది జీవితాల్లో మార్పు వచ్చింది అని. ఒక మేడమ్ దాన్ని పైకి చదివి, "ఆ వందలమందిలో ఒకరి గురించి చెప్పండి" అన్నారు. అంతే. నా నలభై జవాబుల్లో అది లేదు. ఒకరి గురించి చెప్పడానికి నాకు ఒక్కరూ గుర్తుకు రాలేదా అంటే వచ్చారు. లారీ క్లీనర్‌గా చేసే కుర్రాడు, రాత్రి పదింటికి వచ్చి నిద్ర ఆపుకుంటూ ఎక్కాలు రాసేవాడు. కానీ వాడి గురించి చెబితే చిన్నగా ఉంటుందేమో అనుకుని విద్యాహక్కు చట్టం గురించి నీళ్ళు నమిలాను. ఆ మేడమ్ ముఖంలో ఆసక్తి ఆరిపోవడం కళ్ళారా చూశాను.

కాబట్టి నువ్వు చెయ్యాల్సిన మొదటి పని: నీ దరఖాస్తు ప్రింట్ తీసి, ప్రతి వాక్యం కింద గీత గీసి, "ఇది ఎలా తెలుసు? ఎవరితో జరిగింది? ఎప్పుడు? కాదని ఎవరైనా అంటే?" అని నిన్ను నువ్వే అడుగు. జవాబులు రాసుకోకు. రాస్తే మళ్ళీ బట్టీ అయిపోతుంది. ఇంట్లోవాళ్ళకి తెలుగులో నోటితో చెప్పు. మీ నాన్నకి అర్థమయ్యేలా చెప్పగలిగితే అక్కడ ఇంగ్లీషులోనూ చెప్పగలవు.


ఓరుగల్లు_అక్క
నవంబరు 4, ఉదయం 6:55

పై మాటకి నా ఓటు. ఇంకొక్కటి. రిఫరెన్స్ లెటర్లు ఇచ్చిన మాస్టార్లకి ఫోన్ చేసి మాట్లాడు. ఉత్తరంలో ఏం రాశారో అడగకు, అది పద్ధతి కాదు. నీ పనిలో వాళ్ళకి నచ్చిందీ నచ్చనిదీ అడుగు. ఇంటర్వ్యూలో అడిగేది ఒక్కోసారి అందులోంచే వస్తుంది.


శెనక్కాయ_చేను
నవంబరు 4, రాత్రి 8:20

అన్నా, రాత్రి ప్రింట్ తీసి గీతలు గీశాను. పది చోట్ల ఆగిపోయాను. ముఖ్యంగా ఒకటి: "మా ప్రాంతంలో భూగర్భజలాలు ప్రమాదకర స్థాయిలో పడిపోతున్నాయి" అని రాశాను. నా సొంత లెక్కల్లోనే పోయిన ఏడాది వానలకి 17 బోర్లలో నీళ్ళు పైకి వచ్చాయి. ఆ సంగతి రాయలేదు. ఇప్పుడు భయమేస్తోంది.


పాత_లెక్చరర్
నవంబరు 4, రాత్రి 10:05

అమ్మా, నేను ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకి జియాలజీ చెప్పి రిటైర్ అయినవాణ్ణి. నీ పోస్టు చూసి ఉండబట్టలేక రాస్తున్నా.

17 బోర్లలో నీళ్ళు లేచాయంటే అది నీకు ఇబ్బంది కాదు, నీ దగ్గరున్న మంచి సరుకే అది. మీది గ్రానైటు, నైసు అనే గట్టి రాళ్ళ నేల. ఇసుక నేలల్లోలాగా నీళ్ళు అంతటా ఒకే మట్టంలో ఉండవు. పైన చివికిన రాతి పొరలోనూ, కింద రాతి పగుళ్ళలోనూ ఉంటాయి. పగులు తగిలిన బోరు లేస్తుంది, వంద గజాల అవతల ఇంకో బోరు ఎండే ఉంటుంది. అది చెప్పు. ఎవరైనా మెచ్చుకుంటారు.

ఇప్పుడు నేనొక ప్రశ్న అడుగుతా, ఇక్కడే జవాబు రాయి. 2004లో రైతులకి ఉచిత కరెంటు వచ్చింది. ఇప్పుడు ఆంధ్రలో పగటిపూట తొమ్మిది గంటలు, తెలంగాణలో 2018 జనవరి నుంచి ఇరవై నాలుగు గంటలు అన్నారు. బోర్లు ఎండడానికి ఈ ఉచిత కరెంటే కారణమని చాలామంది ఆర్థికవేత్తలు అంటారు. నువ్వేమంటావు? తీసెయ్యాలా?


శెనక్కాయ_చేను
నవంబరు 5, ఉదయం 7:10

నమస్కారం సార్. నా జవాబు:

ఉచిత విద్యుత్తు వల్ల రైతులకు లబ్ధి చేకూరుతున్నప్పటికీ భూగర్భజలాల వినియోగం అధికమవుతున్నది. కావున సూక్ష్మ సేద్యాన్ని ప్రోత్సహిస్తూ, రైతులలో అవగాహన కల్పిస్తూ, దశలవారీగా సంస్కరణలు చేపట్టవలసి ఉన్నది.


పాత_లెక్చరర్
నవంబరు 5, ఉదయం 7:42

అమ్మా, ఇది నువ్వు చెప్పింది కాదు. పోటీ పరీక్షల గైడు చెప్పింది. మొన్న రాసిన మొదటి పోస్టులో ఉన్న అమ్మాయి ఎక్కడికి పోయింది? మీ నాన్నకి బోరు ఉందా? ఆయన రాత్రి కరెంటు కోసం ఎప్పుడైనా పొలంలో పడుకున్నాడా? అక్కడి నుంచి మొదలుపెట్టు.


శెనక్కాయ_చేను
నవంబరు 5, రాత్రి 9:33

సార్, పొద్దున మీ మాట చదివి కాసేపు బాధపడ్డాను. తర్వాత నాన్న దగ్గర కూర్చున్నాను.

మాకు రెండు బోర్లు. ఒకటి 2016లో ఎండింది. రెండోది ఆరొందల అడుగులు వేయించాం, అప్పు తీరడానికి నాలుగేళ్ళు పట్టింది. చిన్నప్పుడు కరెంటు రాత్రి రెండింటికి వచ్చేది. నాన్న మోటారుకి ఆటోమేటిక్ స్టార్టర్ పెట్టుకుని ఇంట్లో పడుకునేవాడు. కరెంటు రాగానే మోటారు దానంతటదే ఆడేది, మడి నిండినా ఆగేది కాదు. నీళ్ళు కాలవ దాటి దారిలోకి పోయేవి. పగటిపూట కరెంటు వచ్చాక నాన్న దగ్గరుండి ఆపుతున్నాడు.

అందుకని నాకనిపించేది ఏంటంటే, ధర ఒక్కటే కాదు, ఏ టైముకి ఇస్తున్నారన్నది కూడా నీళ్ళ ఖర్చుని మారుస్తుంది. బిల్లు వేస్తే మా నాన్న మోటారు తక్కువ ఆడిస్తాడా? ఆడిస్తాడు. కానీ పక్కన నలభై ఎకరాల ఆసామి తగ్గించడు, ఇద్దరి కిందా ఉన్నది ఒకే పగులు కావచ్చు. తీసెయ్యమని నేను అనలేను. ఉండాలి అని కూడా గట్టిగా అనలేకపోతున్నాను. మీటరు పెట్టి, బిల్లు వెయ్యకపోయినా, ఎంత వాడుతున్నామో రైతుకి కనపడితే చాలా తేడా వస్తుందని నమ్ముతున్నాను.


పాత_లెక్చరర్
నవంబరు 5, రాత్రి 9:50

ఇప్పుడు నిన్ను ఇంకో గంట ప్రశ్నలడగాలని ఉంది. ఆ ప్యానెల్‌కీ అలాగే అనిపించాలి. మీ జిల్లాలోనే ఒకప్పుడు ఏపీఫామ్స్ అని రైతుల భూగర్భజల ప్రాజెక్టు నడిచింది. ఏడు కరువు జిల్లాల్లో రైతులే వానా, బోర్ల మట్టాలూ కొలిచి, రబీకి ముందు పంట నీటి బడ్జెట్ వేసుకునేవాళ్ళు. నువ్వు రాసిన చివరి వాక్యానికి అది తోడు. దాని గురించి చదువుకుని వెళ్ళు.


రెండుసార్లు_ఫైనల్
నవంబరు 5, రాత్రి 10:15

రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చూసుకో చెల్లీ. ఇంతకంటే నేను చెప్పేది లేదు.


కృష్ణలంక_కిరణ్
నవంబరు 6, మధ్యాహ్నం 1:20

నాదొక సూచన. నా స్నేహితుడికి పోయినేడు చెవెనింగ్ వచ్చింది. వాడి దగ్గర యాభై ప్రశ్నలూ మోడల్ జవాబులూ ఉన్నాయి, పంపిస్తా. అలాగే ఇంగ్లీషు యాక్సెంట్ కోసం రోజూ రెండు గంటలు బీబీసీ వింటూ పైకి అనుకరించు. బ్రిటిష్ వాళ్ళది కదా, యాక్సెంట్ చూస్తారు.


చెవెనింగ్_హైదరాబాద్
నవంబరు 6, మధ్యాహ్నం 2:05

కిరణ్ గారూ, సాయం చెయ్యాలన్న మీ మనసు మంచిది. కానీ రెండు విషయాల్లోనూ మీతో ఏకీభవించలేను.

నేను చెవెనింగ్ మీద వెళ్ళొచ్చాను. అది బ్రిటన్ ప్రభుత్వం 1983 నుంచి ఇస్తున్న స్కాలర్‌షిప్. ఒక ఏడాది మాస్టర్స్‌కి, కనీసం రెండేళ్ళ ఉద్యోగ అనుభవం అంటే 2,800 గంటలు ఉండాలి, అయ్యాక రెండేళ్ళు మన దేశంలో ఉండాలి. ఇంటర్వ్యూ కూడా దానికి తగ్గట్టే ఉంటుంది: నాయకత్వం, పరిచయాలు పెంచుకునే తీరు, ఎందుకు బ్రిటన్‌లోనే చదవాలి, తర్వాత ఏం చేస్తావు. ఈ నాలుగింటి చుట్టూ అడిగి మార్కులు వేస్తారు. అక్కడ సొంత ఉదాహరణలు వరస కట్టి తయారుచేసుకుంటే పనికొస్తుంది. రోడ్స్‌ది వేరే దారి. నీ గురించి ఒక మాట పట్టుకుని ఎటైనా వెళతారు. ఒకదానికి తయారైన నోట్స్ ఇంకోదానికి పెడితే ఒకరి చెప్పులో ఇంకొకరి కాలు పెట్టినట్టే.

ఇక యాక్సెంట్. నా ప్యానెల్‌లో ముగ్గురు కూర్చున్నారు. నేను అచ్చమైన హైదరాబాద్ ఇంగ్లీషే మాట్లాడాను. ఒక్కసారి కూడా అది అడ్డు రాలేదు. అడ్డొచ్చింది నా వేగం. టెన్షన్‌లో రైలుబండిలా పోతుంటే ఒకాయన నవ్వి, "టైముంది, నీళ్ళు తాగండి" అన్నారు. చెల్లీ, నిదానంగా మాట్లాడు. అర్థం కాకపోతే "మళ్ళీ ఒకసారి అడుగుతారా" అను. అది తప్పు కాదు.


ఓరుగల్లు_అక్క
నవంబరు 6, సాయంత్రం 5:40

మోడల్ జవాబుల సంగతి కూడా కొంచెం గట్టిగానే చెప్పాలి. రోడ్స్ దరఖాస్తులో స్టేట్‌మెంట్ పూర్తిగా తన సొంత రాతేనని, వేరేవాళ్ళ సాయం తీసుకోలేదని అభ్యర్థి మాట ఇచ్చి సంతకం పెడుతుంది. అది చదివినవాళ్ళు ఎదురుగా కూర్చుని మాట్లాడతారు. రాతలో ఒక మనిషీ మాటలో ఇంకో మనిషీ కనిపిస్తే ఎంత చదువుకుని ఏం లాభం? కిరణ్ తమ్ముడూ, ఆ ఫైలు పంపొద్దు. దాని బదులు రోజూ ఒక వార్త పంపు, ఆ అమ్మాయి దాని మీద తన అభిప్రాయం చెబుతుంది.


కృష్ణలంక_కిరణ్
నవంబరు 6, సాయంత్రం 6:02

సరే అక్కా, అర్థమైంది. వార్తలు పంపుతాను. రేపటి నుంచే.


కేమ్_ఒడ్డున
నవంబరు 7, ఉదయం 5:30

నేను గేట్స్ కేంబ్రిడ్జ్ స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూ ఇచ్చాను, రెండింటికీ పోలిక చెబితే ఉపయోగమేమో. అది 2000లో గేట్స్ ఫౌండేషన్ ఇచ్చిన 21 కోట్ల డాలర్లతో మొదలైంది. అక్కడ ముందు కేంబ్రిడ్జ్‌లో మనం దరఖాస్తు పెట్టిన డిపార్ట్‌మెంటే మనల్ని నామినేట్ చెయ్యాలి, ఆ తర్వాతే ఇంటర్వ్యూ. ప్యానెల్ మన సబ్జెక్టుకి దగ్గరివాళ్ళతో ఉంటుంది కాబట్టి లోతుగా అడుగుతారు. నన్ను అడిగిన చివరి ప్రశ్న మాత్రం సబ్జెక్టు కాదు: "ఈ పరిశోధన ఎవరికి ఉపయోగం, వాళ్ళని మీరు అడిగారా?" ఇది నిన్నూ అడగొచ్చు. 41 బోర్ల లెక్క ఆ 41 మంది రైతులకి చేరిందా?


శెనక్కాయ_చేను
నవంబరు 7, రాత్రి 8:45

అన్నా, చేరింది, కానీ సగమే. మొదట్లో నేను కాగితం మీద రాసుకుని దాచుకునేదాన్ని. ఒక రైతు, "మా బోరు కొలిచి మాకే చెప్పకపోతే ఎట్ల పాపా" అన్నాడు. సిగ్గేసింది. అప్పటి నుంచి రామాలయం గోడ మీద సుద్దతో రాస్తున్నాం. బోరు నంబరు, పోయిన నెల, ఈ నెల. పక్క ఊళ్ళో ఇంకా గోడ దొరకలేదు.


రెండుసార్లు_ఫైనల్
నవంబరు 7, రాత్రి 9:00

ఈ మాట దరఖాస్తులో ఉందా?


శెనక్కాయ_చేను
నవంబరు 7, రాత్రి 9:04

లేదన్నా. చిన్న విషయం అనుకున్నా.


రెండుసార్లు_ఫైనల్
నవంబరు 7, రాత్రి 9:11

నేను లారీ క్లీనర్ గురించి అనుకున్నట్టే. దయచేసి అలా అనుకోకు.


భీమిలి_తీరం
నవంబరు 8, ఉదయం 10:25

ఇంకో విషయం ఎవరూ ఎత్తలేదు. ఈ స్కాలర్‌షిప్ పెట్టిన సెసిల్ రోడ్స్ గురించి అడుగుతారు కదా? ఆయన డబ్బు ఎక్కడిదో తెలిసి తీసుకుంటావా అని. దానికి ఏం చెప్పాలి?


పాత_లెక్చరర్
నవంబరు 8, ఉదయం 11:15

అడిగినా అడగకపోయినా, ఆ స్కాలర్‌షిప్ కోరుకునేవాళ్ళు తెలుసుకుని ఉండాలి. రోడ్స్ దక్షిణాఫ్రికా కింబర్లీ వజ్రాల గనుల్లో సంపాదించాడు. డి బీర్స్ కంపెనీ 1888లో పెట్టాడు. 1890 నుంచి 1896 దాకా కేప్ కాలనీ ప్రధానమంత్రి. 1894 గ్లెన్ గ్రే చట్టం ఆయన హయాంలోదే, నల్లజాతివాళ్ళని భూమి నుంచీ ఓటు నుంచీ దూరం నెట్టిన చట్టం. ఆయన పేరే పెట్టుకున్న రొడీషియాలు ఇప్పుడు జాంబియా, జింబాబ్వే. 1902లో పోయాడు, వీలునామాలో ఈ స్కాలర్‌షిప్‌లు పెట్టి వెళ్ళాడు. ఆడపిల్లలకి 1977 దాకా తలుపు తెరవలేదు. 2015లో కేప్‌టౌన్ యూనివర్సిటీలో విద్యార్థులు పోరాడి ఆయన విగ్రహం తీయించారు. ఆక్స్‌ఫర్డ్ ఓరియల్ కాలేజీ గోడ మీద మాత్రం ఇంకా ఉంది.

ఇంతా రాసి ఇప్పుడు అసలు మాట. అమ్మా, మీ ఊరి పక్కనే వజ్రకరూరు కదా?


శెనక్కాయ_చేను
నవంబరు 8, మధ్యాహ్నం 12:40

అవును సార్, బస్సులో కొద్ది దూరమే. తొలకరి వానలు పడగానే ఎక్కడెక్కడినుంచో జనం వచ్చి చేలల్లో వజ్రాలు వెతుకుతారు. మా అవ్వ కూడా వెళ్ళేది. ఒంగి ఒంగి సాయంత్రానికి నడుము పట్టేసేది. ఎప్పుడూ దొరకలేదు.


పాత_లెక్చరర్
నవంబరు 8, మధ్యాహ్నం 12:58

ఆ వజ్రాల్ని భూమి లోపలి నుంచి మోసుకొచ్చిన రాయి పేరు నీకు తెలుసు. కింబర్లైట్. వజ్రకరూరు దగ్గర భూమిలో ఆ రాయి గొట్టాలు ఉన్నాయని మనందరం చదివాం. ఆ పేరు ఎక్కడిది? కింబర్లీది. రోడ్స్ డబ్బు చేసుకున్న ఊరిది.


శెనక్కాయ_చేను
నవంబరు 8, మధ్యాహ్నం 1:06

సార్! నాలుగేళ్ళుగా ఆ మాట రాస్తున్నాను, పరీక్షల్లో రాశాను, ఒక్కసారి కూడా తట్టలేదు. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి.


ఓరుగల్లు_అక్క
నవంబరు 8, మధ్యాహ్నం 1:30

నాకూ! కానీ ఒక జాగ్రత్త. దీన్ని ఎలాగైనా చెప్పెయ్యాలని సందర్భం వెతుక్కోకు. అడిగితే చెప్పు, లేదంటే వదిలెయ్. దాని వెనకాల నీ అభిప్రాయం కూడా ఉండాలి: ఆ డబ్బు తీసుకోవడం నీకు సమ్మతమేనా, ఎందుకు?


శెనక్కాయ_చేను
నవంబరు 8, రాత్రి 10:20

రోజంతా ఆలోచించాను అక్కా. గనుల్లో నేల కిందికి దిగినవాళ్ళ కష్టం అది. తిరిగి వాళ్ళ పిల్లలకి పోవాల్సిన డబ్బు. నేను తీసుకుంటే వాళ్ళ పేరు తలుచుకోకుండా తీసుకోకూడదు. మా అవ్వలాంటివాళ్ళే అక్కడా ఒంగి వెతికి ఉంటారు. ఇంతవరకే వచ్చాను. పూర్తి జవాబు నా దగ్గర లేదు.


చెవెనింగ్_హైదరాబాద్
నవంబరు 9, ఉదయం 8:15

ఇంతవరకే చెప్పు. పూర్తయినట్టు నటించకు.

భోజనాల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతా. నాకు రోడ్స్ అనుభవం లేదు గానీ ఇలాంటివి చాలా చూశాను. కత్తీ ఫోర్కూ గురించి బెంగ పెట్టుకోకు, పక్కవాళ్ళని చూస్తే అర్థమవుతుంది. ఎక్కువ భాగం నిలబడే మాట్లాడతారు, చేతిలో గ్లాసు ఉంటుంది. నీకు మందు అలవాటు లేకపోతే నీళ్ళో జ్యూసో తీసుకో, ఎవరూ ఏమీ అనుకోరు. ఆకలితో వెళ్ళకు, రూములో ఏదైనా తిని వెళ్ళు, అక్కడ తినడానికి తీరిక ఉండదు. సెలెక్టర్ల చుట్టూ గుమిగూడకు. మిగతా ఫైనలిస్టులతో మాట్లాడు. నిజంగా గొప్ప పిల్లలు వస్తారు, వాళ్ళ పని గురించి అడుగు. మూల నిలబడ్డ మనిషి కనిపిస్తే పలకరించు.


రెండుసార్లు_ఫైనల్
నవంబరు 9, ఉదయం 9:02

నిజం. నా రెండో ఏడాది అక్కడ పరిచయమైన అమ్మాయి ఇప్పటికీ నా దగ్గరి స్నేహితురాలు. ఆమెకి వచ్చింది, నాకు రాలేదు. ఆ రాత్రి ఆమే నాకు భోజనం పెట్టించింది.


భీమిలి_తీరం
నవంబరు 13, రాత్రి 9:00

చెల్లీ బయల్దేరావా? ఆల్ ది బెస్ట్. ప్రింట్లు రెండు కాపీలు పెట్టుకో.


శెనక్కాయ_చేను
నవంబరు 13, రాత్రి 9:20

రైల్లో ఉన్నాను అన్నా. నాన్న గుంతకల్లు దాకా వచ్చి ఎక్కించాడు. అమ్మ ఓళిగలు కట్టిచ్చింది. ఫైలూ, చెప్పులూ, అమ్మ ఇస్త్రీ చేసిన చీరా అన్నీ ఉన్నాయి.


శెనక్కాయ_చేను
నవంబరు 16, ఉదయం 10:30

అందరికీ. ముందు ఫలితం చెప్పేస్తాను. నిన్న సాయంత్రం ఫోన్ వచ్చింది. నాకు రాలేదు. రాత్రి బాగా ఏడ్చాను. ఇప్పుడు పర్లేదు. మీరంతా ఎదురుచూస్తుంటారని రైల్లోంచే రాస్తున్నా.

భోజనాల దగ్గర మొదటి పావుగంట గోడకి ఆనుకుని నిలబడ్డాను. నాలాగే ఇంకో గోడకి ఆనుకుని ఒకబ్బాయి ఉన్నాడు. మీ మాట గుర్తొచ్చి వెళ్ళి పలకరించాను. మణిపూర్ అబ్బాయి, గణితం. నా ఊరి గురించి అడిగితే వజ్రాల సంగతి చెప్పాను, అక్కడి నుంచి కింబర్లైట్ దాకా వచ్చింది. వెనకాల ఒక పెద్దావిడ వింటున్నట్టు నాకు తెలీదు. ఆవిడ సెలెక్టర్. "మీ అవ్వ ఏం అనుకునేవారు, దొరికితే ఏం చెయ్యాలని?" అని అడిగారు. అక్క కోసం కమ్మలు చేయిస్తాననేది అన్నాను. ఆవిడ చాలాసేపు మాట్లాడారు. ఇంటర్వ్యూ గదిలో మాత్రం రోడ్స్ గురించి ఒక్క ముక్క అడగలేదు.

గదిలో మొదటి ప్రశ్న: "ఈ నెల 41 బోర్లలో ఎన్నింట్లో నీళ్ళున్నాయి?" 29 అన్నాను. వెంటనే, "కొలత తప్పైతే మీకెలా తెలుస్తుంది?" అన్నారు. మోటారు పైపుకీ బోరు గొట్టానికీ (కేసింగ్) మధ్య సందు తక్కువ ఉంటే టేపు ఇరుక్కుంటుంది, నీళ్ళు తగిలితే మోగాల్సిన టేపు చివరి ప్రోబ్ నీళ్ళకి తగలకుండానే తడి పైపుకి తగిలి బీప్‌మంటుంది, అందుకని మూడుసార్లు దించి చూస్తాం అని చేత్తో చూపిస్తూ చెప్పాను. అక్కడ నా భయం పోయింది.

తర్వాత ఒకాయన ఉచిత కరెంటు అడిగారు. లెక్చరర్ సార్, మీకు దండం. నాన్న స్టార్టర్ గురించే చెప్పాను. ఆయన, "పంజాబ్‌లో పానీ బచావో పైసే కమావో పథకం గురించి మీ అభిప్రాయం?" అన్నారు. నాకు తెలీదు. తెలీదని చెప్పి, వివరించమని అడిగాను. వాడకుండా మిగిల్చిన కరెంటుకి రైతుకి డబ్బిస్తారట. ఒక నిమిషం ఆలోచించి, మిగిల్చింది లెక్క కట్టాలంటే ముందు మీటరు ఉండాలి, మా దగ్గర మీటరంటే రేపు బిల్లు వస్తుందని భయం, ఆ భయం పోగొట్టకుండా ఇది కుదరదు అన్నాను. ఆయన తల ఊపారు.

ఇక నేను తడబడిన చోటు. ఒక మేడమ్: "హైస్కూలు పిల్లల్ని బోర్ల దగ్గరికి తీసుకెళ్తున్నారు. ఎండిపోయి మూత లేని బోర్లు ఎన్ని?" ఆరు అన్నాను. "వాటికి మూతలు ఎవరు పెట్టారు?" ఎవరూ పెట్టలేదు. పిల్లలు పెద్దవాళ్ళే, జాగ్రత్తగా ఉంటారు అనబోయి ఆగాను. నా తప్పే, పెట్టించాల్సింది అన్నాను. ఆవిడ ఇంకేం అడగలేదు. గది బయటికొచ్చాక కూడా ఆ ఆరు బోర్లే కళ్ళ ముందు ఉన్నాయి. అందుకే రాలేదని నేననుకోవట్లేదు, వచ్చినవాళ్ళు నిజంగా నాకంటే ముందున్నారు. కానీ ఆ ప్రశ్న ఇన్ని రోజుల్లో మనలో ఎవరికీ తట్టలేదు చూడండి, నాక్కూడా.


రెండుసార్లు_ఫైనల్
నవంబరు 16, ఉదయం 11:05

చదువుతుంటే గొంతు పట్టేసింది చెల్లీ. నీకు వయసుంటే వచ్చే ఏడు మళ్ళీ పెట్టొచ్చు, నేను పెట్టాను కదా. ఈలోగా ఆ ఎమ్మెస్సీ సీటుకి విడిగా దరఖాస్తు పెట్టు. రోడ్స్ వచ్చినవాళ్ళు కూడా సీటు తెచ్చుకుంటేనే అది ఖాయమయ్యేది. సీటొస్తే వేరే స్కాలర్‌షిప్‌లకీ దారి ఉంటుంది.


కేమ్_ఒడ్డున
నవంబరు 16, సాయంత్రం 4:30

కేంబ్రిడ్జ్‌లో నీళ్ళ మీద పనిచేసే డిపార్ట్‌మెంట్లు చూసి ఈ రాత్రే నీకు మెసేజ్ చేస్తాను. గడువులు దగ్గరపడ్డాయి, పడుకోవద్దు!


పాత_లెక్చరర్
నవంబరు 16, సాయంత్రం 6:10

అమ్మా, ఆ ఆరు బోర్లకీ ఇనుప మూతలకి ఎంతవుతుందో వెల్డింగ్ షాపులో కనుక్కుని చెప్పు. మొదటి రెండూ నావి.


కృష్ణలంక_కిరణ్
నవంబరు 16, సాయంత్రం 6:25

ఒకటి నాది.


పాలమూరు_తమ్ముడు
నవంబరు 19, రాత్రి 8:50

అక్కా, ఈ చర్చ మొత్తం రెండుసార్లు చదివిన. నేను చెవెనింగ్‌కి పెట్టిన, పిలుపు వస్తదో లేదో తెలీదు, కానీ ఇప్పటి నుంచే తయారు కావాలనుకుంటున్న. మీరు నన్ను మాక్ ఇంటర్వ్యూ చేస్తరా?


శెనక్కాయ_చేను
నవంబరు 19, రాత్రి 9:15

చేస్తాను తమ్ముడూ. ఆదివారం మూతలు బిగించే పని ఉంది, నాలుగు తయారయ్యాయి. సోమవారం రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చెయ్యి. నీ దరఖాస్తు ఆదివారమే నాకు పంపు, పెన్సిల్‌తో గీతలు పెట్టి ఉంచుతాను.